రేకు దొరసానికి కళ్ళు పెట్టిన రోజు

డబ్లిన్ శివార్లలోని ఈ ఆడమ్స్‌టౌన్‌లో ఎవరింట్లో పుట్టినరోజు భోజనాలైనా మీలాంటి కుర్రాళ్ళు నన్నడిగే ప్రశ్న ఒకటే. "అంకుల్, మీరు ఏ టెక్నాలజీ మీద చేసి రిటైరయ్యారు?" "స్ప్రే గన్ మీద" అంటాను. ఓ నవ్వు నవ్వి, బిర్యానీ ప్లేటు పట్టుకుని పక్క సోఫాలోకి జరిగిపోతారు. పోనీలెండి, మీ తప్పు కాదు. పెయింటరంటే గోడలకి సున్నం కొట్టేవాడనే మీకు తెలుసు. ఈసారికి జరక్కుండా కూర్చోండి. నా సర్వీసు మొత్తంలో చెప్పుకోదగ్గ రోజు ఒక్కటుంది, అది చెప్తాను.

నేను బెజవాడ ఆటోనగర్‌లో లారీల మీద బొమ్మలు వేసి పని నేర్చుకున్నవాణ్ణి. అక్కణ్ణుంచి హైదరాబాదు, తర్వాత మస్కట్, చివరికి ఈ వాన దేశం, ఐర్లండ్. ఇక్కడ నా ఉద్యోగం హ్యాంగర్లో విమానాలకి రంగులేయడం. విమానాలక్కూడా మీ ఫ్లాట్లలాగే లీజులుంటాయి. లీజు అవగానే పాత కంపెనీవాడి పక్షిని గీకేసి కొత్త కంపెనీవాడి పువ్వు వెయ్యాలి. ఆ పువ్వు కూడా నాలుగు కాలాలపాటు ఉండదు. నేను వేసినవన్నీ నా చేత్తోనే గీకేశాను, కాబట్టి ఈ దేశంలో నా బొమ్మ ఒక్కటీ మిగలలేదని మా ఆవిడ దగ్గర అప్పుడప్పుడు సణుగుతుండేవాణ్ణి.

మా ఆటోనగర్ మేస్త్రికో పట్టింపు ఉండేది. లారీ ముందు పులి కానీ, గద్ద కానీ, నాలుక చాపిన దిష్టి రాక్షసుడు కానీ, ఏ బొమ్మకైనా కళ్ళు ఆఖర్న. అదీ బండి సొంతదారు వచ్చి ఎదురుగా నిలబడితేనే. "సొంతదారంటే ఫైనాన్స్ కట్టేవాడు కాదురా, ఆ బండితో బతికేవాడు" అనేవాడు. కళ్ళు పెట్టి, నిచ్చెన దిగి, "అయ్యా, బండి మీది" అనాలి. అన్నాక ఇక ఆ బొమ్మని దిద్దడానికి లేదు. ఒకసారి ఓ షావుకారు, "నేను రాలేను, కళ్ళు పెట్టి పంపించెయ్" అని కబురు చేస్తే, మా మేస్త్రి ఆ లారీని గుడ్డిదాన్నిగానే షెడ్డులో నిలబెట్టాడు. షావుకారు తిట్టుకుంటూనే వచ్చి నిలబడ్డాడు.

ఇక అసలు సంగతి. నేను రిటైరవడానికి కొద్ది నెలల ముందు మా మేనేజర్ పిలిచి, ఒక మ్యూజియంవాళ్ళకి పెయింటర్ కావాలట, కంపెనీ తరఫున ఉచితంగా వెళ్ళి చేసి రా అన్నాడు. "ఏం పని?" అంటే "యుద్ధం నాటి విమానం ముక్కు మీద అమ్మాయి బొమ్మ" అన్నాడు. "సమాజసేవ. నువ్వు వెళ్తే అంతా గ్రాండ్." ఈ దేశంలో గ్రాండ్ అనే మాటకి అర్థం లేదు, ఇంగువలాగ ప్రతిదాంట్లో చిటికెడు వేస్తారు. సరే, వెళ్ళాను.

మ్యూజియం దేశం నడిమధ్యలో, బోగు పక్కన ఉంటుంది. బోగంటే కాలు పెడితే మోకాలి దాకా దిగబడే నల్లటి పీట్ నేల. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రిటన్ పక్షం బాంబర్ విమానం ఒకటి దారి తప్పి, పెట్రోలు అయిపోయి, ఆ బోగులో పొట్ట మీద దిగిందట. అప్పుడు ఐర్లండ్ తటస్థ దేశం, ఎటువైపూ కాదు. రూలు ప్రకారం విమానంలోని కుర్రాళ్ళని పట్టుకుని లోపలెయ్యాలి. గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, వచ్చారు, టీ ఇప్పించారు, గుడ్లు వేయించి పెట్టించారు, ఆ తర్వాత ఒక పాల బండి ఎక్కించి బ్రిటన్ కింద ఉన్న ఉత్తరం వైపుకి సరిహద్దు దాటించి వచ్చేశారట. పైనుంచి ఎంక్వయిరీ వస్తే ఊరు ఊరంతా, "మేమేం చూళ్ళేదండీ" అంది.

ఆ విమానం ముక్కు మీద ఒక దొరసాని బొమ్మ ఉండేది. ఈత గుడ్డల్లో, మోచేతి మీద వాలి, కాలు మీద కాలేసుకుని ఉంటుంది. చావుకి ఎదురెళ్ళే కుర్రాళ్ళు అలాంటి బొమ్మలు వేయించుకునేవాళ్ళట, పై ఆఫీసర్లు చూసీ చూడనట్టు ఊరుకునేవాళ్ళట. అందరికీ వింతగా ఉంది కానీ నాకు కాదు. మనవాడు బండికి నిమ్మకాయ, మిరపకాయలు కడతాడు, వాళ్ళు దొరసానిని కట్టుకున్నారు. రెండూ భయంతో కట్టినవే.

ఇంజన్లు మిలటరీవాళ్ళు తీసుకెళ్ళారు. ముక్కు రేకు మాత్రం ఒక రైతు పట్టుకెళ్ళి కోళ్ళగూటికి తలుపు చేసుకున్నాడు. చర్చి ఫాదర్ అటుగా వెళ్తూ చూసి, "కోళ్ళైనా సరే, వాటిక్కూడా ఓ నీతి ఉండాలి" అన్నాడట. రైతు హడలిపోయి, గేటుకి వేయగా మిగిలిన పచ్చరంగుతో దొరసానికి మెడ నుంచి పాదాల దాకా గౌను తొడిగాడు. కొంతకాలానికి నక్క రావడం మొదలుపెడితే తలుపుకి అడ్డ గడియ బిగించాడు. ఆ గడియ సరిగ్గా దొరసాని కళ్ళ మీదుగా జరిగేది. ఏళ్ళ తరబడి జరిగి జరిగి కళ్ళు పూర్తిగా అరిగిపోయాయి. నా దగ్గరికి వచ్చేసరికి పచ్చ గౌను, నవ్వే పెదాలు, పైన రెండు చారలు మిగిలాయి. పాత రేకుని అద్దాల పెట్టెలో పెడతాం, దాన్ని చూసి, మేం కొత్తగా కట్టిన విమానం ముక్కు రేకు మీద అచ్చం అలాగే వెయ్యాలి అన్నారు.

"అచ్చం అలాగే" అన్నది కమిటీ కాబట్టి, అచ్చం అలాగే తప్ప మిగతావన్నీ చర్చకొచ్చాయి. కమిటీలో ముగ్గురే మాట్లాడేవారు. గవర్నమెంటాఫీసులో రిటైరైన ఛైర్మన్‌గారు. గ్రాంటు ఇచ్చే సంస్థ తరఫున వచ్చే మేడమ్. ఇక, విమానం బోల్టుల దగ్గర్నుంచి అన్నీ కంఠతా పట్టిన గడ్డం చరిత్రకారుడు.

"ఈ భంగిమ ఈనాటి విలువలకి సరిపోదు" అంది మేడమ్.

"ఆనాటి విమానం మీద ఈనాటి విలువలెందుకుంటాయండీ?" అన్నాడు గడ్డం.

"ఇద్దరూ చెప్పింది నిజమే" అన్నారు ఛైర్మన్‌గారు. ఆయన సర్వీసంతా ఆ ఒక్క మాట మీదే నెట్టుకొచ్చారని నా అనుమానం.

మీటింగు మీద మీటింగు జరిగింది. చివరికి ఆడవాళ్ళని గౌరవిస్తూ ఆవిడకి మెడ నుంచి పాదాల దాకా గౌను వెయ్యాలని తీర్మానించారు. రంగు? మన దేశం రంగు కదా, పచ్చ. నేను పాత రేకు తెచ్చి టేబుల్ మీద పెట్టాను. వాళ్ళు ఎంచుకున్న పచ్చ, రైతు గేటు రంగు పచ్చ అక్కాచెల్లెళ్ళలా ఉన్నాయి. ఫాదర్ పాపం పేరు చెప్పి తొడిగించిన గౌనునే వీళ్ళు గౌరవం పేరు చెప్పి తొడిగిస్తున్నారు. నాకు నవ్వాగలేదు. దగ్గు వచ్చిందని చెప్పి బయటికెళ్ళి నవ్వుకుని వచ్చాను.

తర్వాత బాంబులు. చేసిన ప్రతి దాడికీ గుర్తుగా దొరసాని పాదాల దగ్గర బుల్లి బుల్లి బాంబులు వరసగా వేసి ఉన్నాయి. "తటస్థ దేశంలో బాంబులేంటి?" అన్నారు ఛైర్మన్‌గారు. పాల క్యాన్లలాగ కనిపించేట్టు వేస్తే ఎలా ఉంటుందని మేడమ్ అడిగింది. గడ్డం లేచి వరండాలోకి వెళ్ళిపోయి, అక్కడ గోడకేసి చాలాసేపు నిలబడ్డాడు. ఆఖరికి బూడిదరంగు రేకు మీద బూడిదరంగు బాంబులు వెయ్యమన్నారు. వేశానని గడ్డం తృప్తిపడాలి, కనిపించలేదని ఛైర్మన్ తృప్తిపడాలి. వేశాను, ఇద్దరూ తృప్తిపడ్డారు.

ఈలోగా ఇంట్లో నా పరువు పోయింది. గౌను కింద ఒళ్ళు సరిగ్గా కూర్చోకపోతే గౌనూ సరిగ్గా రాదు. అందుకని ముందు అసలు భంగిమ కాగితం మీద గీసుకోవాలి కదా. డైనింగ్ టేబుల్ మీద గీస్తున్నాను. అది శ్రావణ శుక్రవారం అన్న సంగతి నాకు గుర్తులేదు. వాయనానికి వచ్చిన ఆడవాళ్ళ బెల్లు వినగానే మా ఆవిడ ఆ కాగితాన్ని లాక్కుని వంటింటి ప్రెస్సులో, అదే అలమరలో, ప్లేట్ల వెనక్కి తోసేసింది. పక్కనున్న లూకన్ నుంచి వచ్చిన ఒకమ్మాయి సాయం చేద్దామని ప్లేట్ల కోసం అదే ప్రెస్సు తలుపు తీసింది. దొరసాని నిలువునా వచ్చి తాంబూలాల పళ్ళెంలో పడింది.

"ఆంటీ... అంకుల్‌కి ఇదేమైనా హాబీయా?" అంది ఆ పిల్ల.

"ఆఫీసు పనమ్మా" అంది మా ఆవిడ. ఆ మాట అబద్ధంలా వినిపించడమే మా దురదృష్టం. అందరూ వెళ్ళాక, "ఈ వయసులో ఇవేం బొమ్మలండీ? రిటైరయ్యేముందు రామకోటి రాసుకుంటారు ఎవరైనా" అని, ఆ రాత్రికి నాకు మజ్జిగన్నమే పెట్టింది.

అలా బొమ్మ పూర్తయింది, కళ్ళు తప్ప. ఆ కళ్ళు ఎలా ఉండేవో చూపించే ఫోటో ఒక్కటీ లేదు. ఆనాటి కుర్రాళ్ళలో ఎవరూ బతికి లేరు. మేడమ్ కంప్యూటర్లో ఒక జత కళ్ళు తయారు చేయించి పంపింది. టూత్‌పేస్టు డబ్బా మీది అమ్మాయికి పెట్టుకోవచ్చు వాటిని. నాకు మేస్త్రి గుర్తొచ్చి, "ఈ బండికి సొంతదారెవరండీ?" అని మీటింగులో అడిగాను. ఛైర్మన్‌గారు ట్రస్టు అన్నారు. మేడమ్ ప్రజలు అంది. గడ్డం ఏదో స్క్వాడ్రన్ పేరు చెప్పాడు. వీళ్ళలో ఎవరూ దానితో బతకలేదే అనుకున్నాను.

ఆ వారమే, రిసెప్షన్ అమ్మాయి లంచ్‌కి వెళ్ళినప్పుడు ఫోను మోగితే నేను తీశాను. అవతల ఒక ముసలావిడ. ఇక్కడి పల్లెల ఇంగ్లీషు, వడివడిగా ఉంటుంది. నా చెవికి మాత్రం అది మా గుడివాడ పెద్దమ్మ మాట్లాడినట్టే వినిపిస్తుంది, అలాగే చెప్తాను.

"ఆ కోళ్ళగూడు మాదే నాయనా. ఆ తలుపు తీసి గుడ్లు ఏరింది నేనే. దొరసానిని మళ్ళీ వేస్తున్నారటగా?"

"అవునమ్మా. మీకు ఆవిడ కళ్ళు గుర్తున్నాయా?"

"గుర్తుండకేం! నాకు ఆరేళ్ళప్పుడు మా అమ్మ పోయింది. ఊళ్ళో ఎవరెదురైనా 'అయ్యో తల్లి లేని పిల్ల' అని కళ్ళనిండా జాలిపడి చూసేవాళ్ళు. ఆ చూపులకి భయపడి కోళ్ళగూటి దగ్గర కూర్చునేదాన్ని. మా నాన్న ఆ గడియ బిగించేదాకా ఏ ముచ్చటైనా ఆవిడకే చెప్పుకున్నాను. ఆవిడొక్కతే నన్ను జాలిగా చూసేది కాదు."

"ఎలా ఉండేవో చెప్పండమ్మా, అలాగే వేస్తాను."

"ఫోన్లో చెప్తే వచ్చే బొమ్మా అది? నా ఎదురుగా వెయ్యి. త్వరగా వెయ్యి. గాల్వే ఆస్పత్రిలో చెప్పారు, నా చూపు నడిమధ్య నుంచి పోతోందట. మొహాలు కనబడ్డం లేదు. తల తిప్పి ఓరగా చూస్తే కాస్త కనిపిస్తోంది, అదీ ఎంతకాలమో తెలీదు. ఆవిణ్ణి ఒక్కసారి చూసుకోవాలయ్యా."

 ఫోను పెట్టి, వెంటనే ఛైర్మన్‌గారి దగ్గరికెళ్ళి చెప్పాను. ఆవిణ్ణి రేపే పిలిపిద్దాం, కారేసుకుని నేనే వెళ్తాను అన్నాను. ఆయన చాలా సంతోషించారు. ప్రారంభోత్సవానికి ఆవిడకి రెండో వరసలో కుర్చీ వేయిస్తామన్నారు, ఫోటో కూడా తీయిస్తామన్నారు. "కానీ అంతకుముందు బయటివాళ్ళెవరూ చూడకూడదు, అది తీర్మానం. కళ్ళకి డిజైన్ ఆమోదం అయిపోయింది కదా, కానిచ్చేయండి."

"ఆవిడకి తెలుసండీ, అసలు కళ్ళు."

"మీరు చెప్పింది నిజమే" అన్నారు ఛైర్మన్‌గారు. అంటే పని కాదని అర్థం.

నేనూ గవర్నమెంటాఫీసుల చుట్టూ తిరిగినవాణ్ణే. మర్నాటి నుంచి, "కళ్ళ దగ్గర ప్రైమర్ ఆరలేదండీ, తేమ" అనడం మొదలుపెట్టాను. ఈ దేశంలో తేమని కాదనే మగాడు పుట్టలేదు. "గ్రాండ్, ఆరాకే వెయ్యండి" అన్నారు. ప్రారంభోత్సవం ముందు రోజుకీ ఆరలేదు. బొమ్మ మీద గుడ్డ కప్పేశారు, నిచ్చెనెక్కి చూసే ఓపిక ఎవరికీ లేదు. మా మేనేజర్ మాత్రం ఫోన్ చేసి, "వచ్చే వారం నీ వీడ్కోలు పార్టీ, కంపెనీ పేరు చెడగొట్టకు" అన్నాడు.  సర్వీసంతా సంపాదించుకున్న మంచిపేరు ఒక్కపూటలో బోగులో కలుస్తుందేమోనని భయం. కానీ ఆ ముసలావిడ కంటిచూపు మా కమిటీ తీర్మానాల కోసం ఆగదు కదా.

ప్రారంభోత్సవానికి డబ్లిన్ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. విమానం ముక్కు కింద వేదిక, జనం, కెమెరాలు. రెండో వరస చివర్లో చేతికర్ర పట్టుకుని సన్నగా, నిటారుగా ఒక ముసలావిడ. ఎవరూ చెప్పకుండానే గుర్తుపట్టాను, తల పక్కకి తిప్పి చూస్తోంది. నేను పక్కగా నిచ్చెన దగ్గర, జేబులో సన్న బ్రష్షు, చేతిలో రంగు గిన్నె. మా ఆవిడ బలవంతాన ఇచ్చిన కొబ్బరికాయ సంచిలో ఉంది. గేటు దగ్గర సేఫ్టీ ఆఫీసర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పగలగొట్టనంటేనే" అని వదిలాడు.

గుడ్డ లాగారు. చప్పట్లు మొదలై, సగంలో ఆగిపోయాయి. పచ్చ గౌనులో నవ్వుతున్న దొరసాని, కళ్ళ చోట ఖాళీ. ముందు వరసలో ఒక చంటిపిల్ల ఏడుపు అందుకుంది. మేడమ్ నాకేసి చూసిన చూపుకి నేను నిచ్చెన వెనక్కి జరిగాను.

ఛైర్మన్‌గారిని ఇంతసేపూ వేళాకోళం చేశాను కానీ, ఆ నిమిషంలో ఆయనకి దండం పెట్టాలి. మైకు అందుకుని, ఒక్క క్షణం కూడా తడుముకోకుండా, "కళాకారుడు కావాలనే కళ్ళు వెయ్యలేదు. ఆ యుద్ధాన్ని చూడనని కళ్ళు మూసుకున్న మన దేశపు తటస్థతకి ఇది ప్రతీక" అన్నారు. జనం అబ్బా అన్నారు. చప్పట్లు ఈసారి పూర్తిగా మోగాయి. డబ్లిన్ పెద్దాయన లోతుగా తలాడించాడు. గడ్డం కూడా ఆ మాట నోట్సులో రాసుకున్నాడు. ఐదు నిమిషాలాగితే నాకు కళాకారుడని శాలువా కప్పేసి ఉండేవాళ్ళు.

"మూసుకుందా? ఎవరు చెప్పారు?" అని వెనక నుంచి ఖణేల్మని వినిపించింది. ముసలావిడ లేచి నిలబడింది. "రెండు కళ్ళూ మూసుకోలేదు. ఒక్కటే మూసుకుంది. కన్ను కొట్టేది!"

 పాత ఊరివాళ్ళు కొందరు ముందు గొంతులో నవ్వారు, తర్వాత బయటికే నవ్వేశారు. పాల బండి కథ వాళ్ళ ఇళ్ళల్లోనూ చెప్పుకునేదే కదా, ఊరు ఊరంతా కన్ను కొట్టిన కథ. ఛైర్మన్‌గారు మైకుని ఏం చెయ్యాలో తెలీక అటూ ఇటూ తిప్పారు.

నేను నిచ్చెనెక్కాను. "అమ్మా, ఏ కన్ను?"

"నీకు కుడివైపుది. ముందు తెరిచిన కన్ను వెయ్యి."

చెయ్యి అలవాటు చొప్పున పోయింది. తామరరేకులా, చెవిదాకా తీర్చి వేశాను, మా ఆటోనగర్లో దానికి దండాలు పెట్టేవాళ్ళు. ఆవిడ కర్ర ఆనించుకుని దగ్గరికొచ్చి, తల ఓరగా పెట్టి చూసింది.

"ఇదేంటయ్యా, ఆవు కన్ను వేశావు! చిన్నది, కొంటెది."

జనం ఘొల్లుమన్నారు. తుడిచేసి చిన్నగా వేశాను. రెండో కన్నుకి ఒక్క గీత, కొసన చిన్న మడత. పెదాల మీది నవ్వుకి అప్పుడు అర్థం వచ్చింది. 

"ఆ గౌను మళ్ళీ ఎవరు తొడిగించారు?" అంది ఆవిడ. "మా నాన్న దాన్ని వేసిన రోజున అన్నం మానేసి ఏడ్చాను."

మేడమ్ తన బూట్లకేసి చూసుకుంది. ఛైర్మన్‌గారు నాకేసి చూశారు. ఇద్దరూ చెప్పింది నిజమే అనడానికి ఈసారి రెండోవాళ్ళు లేరు.

ముసలావిడ ఇంకో రెండడుగులు వేసి రేకుకి బాగా దగ్గరగా నిలబడింది. నేరుగా చూస్తే కనిపించడం లేదు కాబోలు, తల వంచి, మరీ చెడిపోయిన కంటిని గట్టిగా మూసి, రెండో కంటితో ఓరగా పైకి చూసింది. పైన రేకు దొరసాని ఒక కన్ను మూసి కిందికి చూస్తోంది. కింద ఈవిడ ఒక కన్ను మూసి పైకి చూస్తోంది. చాలాసేపు అలాగే ఉండిపోయారు ఇద్దరూ. ముసలావిడ పెదాలు కదిలాయి కానీ ఏమందో నాకు వినపడలేదు, నాకు చెప్పిన మాట కాదు అది.

నేను నిచ్చెన దిగాను. కొబ్బరికాయ ఆవిడ చేతిలో పెట్టాను. నోటికి ఇంగ్లీషు రాలేదు, మా మేస్త్రి మాటే వచ్చింది.

"అమ్మా, బండి మీది."

ఆవిడకి తెలుగు ముక్క రాదు. కొబ్బరికాయని గుడ్డు పట్టుకున్నట్టు రెండు చేతులతో జాగ్రత్తగా పట్టుకుని, కళ్ళు తుడుచుకోకుండానే, "గ్రాండ్" అంది.